పళ్ల ఇంప్లాంట్ పెట్టించుకున్నారా? నొప్పి తగ్గిందని మర్చిపోతున్నారా.. అసలు జాగ్రత్త మొదలయ్యేది అప్పుడే!

ఊడిపోయిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకోవడం ఇప్పుడు మన దగ్గర పెద్ద వింతేమీ కాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ సంగతి సరే.. జిల్లా కేంద్రాల్లోని డెంటల్ క్లినిక్‌ల బోర్డుల మీద కూడా ఇంప్లాంట్ అనే మాట కనిపిస్తోంది. ఒక్కో పన్నుకు వేలల్లో ఖర్చు. నోరంతా కట్టించుకుంటే లక్షల్లోకి వెళ్తుంది. అందుకే ఆపరేషన్‌కి ముందు అందరూ గట్టిగానే ఆరా తీస్తారు. నొప్పి ఉంటుందా, ఎంత అవుతుంది, ఎన్నిసార్లు రావాలి.. అన్నీ అడుగుతారు. కుర్చీలోంచి దిగాక ఏం చేయాలన్నది మాత్రం పెద్దగా అడగరు. డాక్టర్ చేతిలో పెట్టిన సూచనల కాగితం మందుల కవర్‌తో పాటే బల్ల సొరుగులోకి వెళ్లిపోతుంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఆపరేషన్ నొప్పి మామూలుగా నాలుగు రోజుల నుంచి వారంలోపు తగ్గిపోతుంది. పన్ను పీకించుకున్నప్పటి కంటే ఇదే తేలిగ్గా ఉందనేవాళ్లూ చాలామందే. కానీ ఆ టైటానియం స్క్రూని ఎముక పట్టుకోవడానికి నెలలు పడుతుంది. నొప్పి పోయిన రోజుకీ, ఎముక పట్టిన రోజుకీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే ఎక్కువ అజాగ్రత్త జరుగుతుంది. అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఏది చేయాలో, ఏది చేయకూడదో ఎవరూ చెప్పకుండానే సగం అర్థమైపోతుంది.

లోపల ఏం జరుగుతుందంటే..

ఈ కథ స్వీడన్‌లో మొదలైంది. 1952లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చి, ఎముకలో రక్తప్రసరణ ఎలా ఉంటుందో గమనించారు. పని అయ్యాక పరికరాన్ని తీద్దామంటే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. అలా అనుకోకుండా దొరికిన విషయమే నేటి ఇంప్లాంట్‌కి ఆధారం. 1965లో గోస్టా లార్సన్ అనే ఆయనకు కింది దవడలో ఇంప్లాంట్లు పెట్టారు. 2006లో ఆయన చనిపోయేదాకా, అంటే దాదాపు 40 ఏళ్లు అవి పనిచేశాయి. ఎముక ఒకసారి సరిగ్గా పట్టుకుంటే అంతకాలం నిలబడగలదన్నమాట. పట్టుకోవడానికి దానికి టైమ్ ఇచ్చామా లేదా అన్నదే ప్రశ్న.

ఇంప్లాంట్ బిగించిన రోజు అది గట్టిగానే ఉంటుంది. గోడలో బిగించిన స్క్రూ ఎలా ఉంటుందో అలా. కానీ అది కేవలం బిగుతు, అతుకు కాదు. ఆ తర్వాతి రోజుల్లో స్క్రూని ఒత్తుకుని ఉన్న పాత ఎముక పొరను శరీరం నెమ్మదిగా తీసేస్తుంది, దాని స్థానంలో కొత్త ఎముకను కడుతుంది. పాతది పోతూ, కొత్తది ఇంకా పూర్తిగా రాని ఆ మధ్యకాలంలో ఇంప్లాంట్ పట్టు మొదటి రోజు కంటే తగ్గుతుంది. సుమారుగా రెండో వారం నుంచి నాలుగో వారం వరకు ఈ పరిస్థితి ఉంటుంది.

సరిగ్గా ఆ టైమ్‌కే నొప్పి ఉండదు, వాపు ఉండదు, కుట్లు తీసేసి ఉంటారు. ‘ఇక ఏముందిలే’ అని మటన్ ముక్క కొరికేది అప్పుడే. స్క్రూ కంటికి కనిపించనంత కొంచెం కదిలినా, పదే పదే కదిలితే దాని చుట్టూ ఎముకకు బదులు మెత్తటి పీచు లాంటి కణజాలం పెరుగుతుంది. అలా పెరిగితే ఇంప్లాంట్ నిలవదు. తీసేయాల్సిందే. మళ్లీ ఎముక పూడేదాకా ఆగి, మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మొదటి రాత్రి ఎలా గడవాలి?

గాయం మీద పెట్టిన గాజ్ గుడ్డను అరగంట నుంచి ముప్పావు గంట గట్టిగా కరిచిపట్టుకోవాలి. మధ్యమధ్యలో తీసి రక్తం ఆగిందా అని చూడటం, మళ్లీ పెట్టడం వద్దు. చూసిన ప్రతిసారీ గడ్డకడుతున్న రక్తం కదులుతుంది. ఆ రక్తపు గడ్డే గాయానికి మొదటి కట్టు. మర్నాటి వరకు లాలాజలం కొంచెం గులాబీ రంగులో ఉంటే కంగారు పడక్కర్లేదు. ఒక చుక్క రక్తం నోటినిండా ఉన్న ఉమ్మిలో కలిస్తే చూడ్డానికి చాలా రక్తంలా కనిపిస్తుంది. నిజంగానే నోరు రక్తంతో నిండుతుంటే కూర్చుని, తడిపిన శుభ్రమైన గాజ్‌ని మళ్లీ అరగంట కరిచిపట్టుకోండి. అప్పటికీ ఆగకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. తెల్లారేదాకా ఆగొద్దు.

ఆ రోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో ఏదీ పీల్చకూడదు. ఇంటికి వెళ్తూ దారిలో కొబ్బరి బొండాం తాగేవాళ్లు ఉంటారు. తాగండి, తప్పులేదు. గ్లాసులో పోయించుకుని తాగండి. స్ట్రా పెట్టి లాగితే ఆ పీల్చే ఒత్తిడికి రక్తపు గడ్డ కదిలిపోవచ్చు.

మొదటి రోజు బుగ్గ మీద ఐస్ పెట్టుకోవడం బాగా పనిచేస్తుంది. పలుచటి గుడ్డలో చుట్టి 20 నిమిషాలు పెట్టడం, 20 నిమిషాలు ఆపడం. మెలకువగా ఉన్నంతసేపు ఇలా చేయొచ్చు. రెండు రోజులు దాటాక ఐస్ వల్ల పెద్ద లాభం ఉండదు. పడుకునేటప్పుడు తలకింద రెండు దిళ్లు పెట్టుకుంటే వాపు, కారడం రెండూ తగ్గుతాయి.

వాపు గురించి ముందే తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. అది మర్నాడు తగ్గదు, పెరుగుతుంది. రెండో రోజు, మూడో రోజు అత్యధికంగా ఉండి, అక్కడి నుంచి దిగుతుంది. ఇది తెలియక మూడో రోజు అద్దంలో చూసుకుని ‘ఇన్ఫెక్షన్ వచ్చేసింది’ అని హడలిపోతుంటారు. పెద్దవాళ్లలో, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లలో బుగ్గ మీద, ఒక్కోసారి మెడ వరకు నీలిరంగు మచ్చ కూడా దిగుతుంది. వారం పది రోజుల్లో పసుపు రంగుకు తిరిగి అదే పోతుంది.

ఇక మత్తు. మత్తు ఇంజెక్షన్ ప్రభావం కొన్ని గంటల్లో పోవాలి. ఆ లోపు వేడి వేడి కాఫీ, భోజనం వద్దు, పెదవి కొరుక్కున్నా తెలియదు. అయితే కింది దవడలో ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కింది దవడ ఎముక లోపల నుంచి పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం వెళ్తుంది. మర్నాడు పొద్దున లేచేసరికి కూడా కింది పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే ‘మత్తు ఇంకా దిగలేదేమో’ అని ఊరుకోకండి. వెంటనే ఫోన్ చేసి ఆ మాటే చెప్పండి. స్క్రూ నరం మీద ఒత్తుతుంటే మొదటి ఒకటి రెండు రోజుల్లో తీసేస్తే నరం కోలుకునే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గిపోతుంది. ఇందులో మొహమాటం పనికిరాదు.

మందుల దగ్గర జరిగే పొరపాట్లు

మొదటి నొప్పి మాత్ర మత్తు పూర్తిగా దిగకముందే వేసుకోవాలని చాలామంది డాక్టర్లు చెబుతారు. నొప్పి పూర్తిగా మొదలయ్యాక దాన్ని అణచడం కష్టం. అయితే నొప్పి మాత్రల్లో ఎక్కువగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఉంటాయి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పి వేరే మందు రాయించుకోవాలి. ఇంకో విషయం.. కాంబినేషన్ మాత్రల్లో చాలా వాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అది తెలియక ఇంట్లో ఉన్న డోలో కూడా పైనుంచి వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. స్ట్రిప్ వెనక పేర్లు చదవండి, కళ్లు కనిపించకపోతే పిల్లల చేత చదివించుకోండి.

యాంటీబయాటిక్ రాసిస్తే చెప్పినన్ని రోజులు వాడాలి. అందులో మెట్రోనిడజోల్ ఉంటే ఆ కోర్సు నడిచినన్ని రోజులు, అయ్యాక మరో రెండు మూడు రోజులు మందు జోలికి వెళ్లొద్దు. వాంతులు, గుండెదడ వచ్చే ప్రమాదం ఉందనే ఈ హెచ్చరిక. నిజానికి మెట్రోనిడజోల్ లేకపోయినా గాయం మానే రోజుల్లో మద్యం దూరంగా ఉండటమే మేలు.

గుండెకు స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లు రక్తం కారుతోందని భయపడి సొంతంగా ఆ మాత్రలు ఆపేయడం అసలు చేయకూడని పని. చిగురులోంచి కారే రక్తాన్ని ఆపడానికి దారులున్నాయి. స్టెంట్ పూడుకుపోతే అది వేరే స్థాయి ప్రమాదం.

షుగర్ ఉన్నవాళ్లకు మరో మాట. నోరు నొప్పిగా ఉందని భోజనం మానేసి, అలవాటు ప్రకారం షుగర్ మాత్రలో, ఇన్సులినో వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం.. ఇంట్లోవాళ్లు ఆపరేషన్ నీరసం అనుకుంటారు. తినేది ఎంతో చూసుకుని మందు ఎంత వేసుకోవాలో షుగర్ డాక్టర్‌ని ముందే అడిగి ఉంచుకోవాలి. ఇది ఆపరేషన్‌కి ముందు రోజు చేయాల్సిన ఫోన్.

పప్పు తింటే చీము పడుతుందా?

మన ఇళ్లలో కుట్లు పడ్డాయంటే చాలు పథ్యం మొదలవుతుంది. పప్పు తినకు, వంకాయ తినకు, గుడ్డు వద్దు.. చీము పడుతుంది అంటారు. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కాదనలేం. కానీ చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి, కొత్త ఎముక కట్టడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, పెరుగులో, పాలలోనే ఉన్నాయి. పథ్యం పేరుతో పది రోజులు ఉత్త చారన్నంతో గడిపితే నష్టం గాయానికే. వయసు మళ్లినవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం.

కాబట్టి ఏం తినాలన్నదాని కంటే ఎలా తినాలన్నదే అసలు ప్రశ్న. మొదటి రెండు రోజులు చల్లగా, లేదా గోరువెచ్చగా, నమలక్కర్లేకుండా మింగేవి. మెత్తగా కలిపిన పెరుగన్నం, చల్లారిన రాగి జావ, సగ్గుబియ్యం జావ, మజ్జిగ, పాలలో నానిన ఇడ్లీ. షుగర్ ఉన్నవాళ్లు జావలతోనే కడుపు నింపుకోకుండా పలుచటి పప్పు, మెత్తగా చిదిమిన గుడ్డు, చక్కెర లేని పెరుగు చేర్చుకోవాలి. మూడో రోజు నుంచి ముద్దపప్పు అన్నం, కిచిడీ, ఉప్మా, బాగా ఉడికిన సొరకాయ, బీరకాయ కూరలు, ముల్లు తీసిన మెత్తటి చేప తినొచ్చు. నమలడం మాత్రం ఆపరేషన్ జరగని వైపే.

వద్దనుకోవాల్సినవి కారం, వేడి ఒక్కటే కాదు. గాయంలో ఇరుక్కునేవి ఇంకా ఇబ్బంది. మరమరాలు, అటుకుల మిక్చర్, నువ్వులు, పల్లీలు, పాప్‌కార్న్. ఊరగాయల్లో ఆవపిండి, మెంతి గింజలు. కుట్ల మధ్యలో ఒక ఆవగింజ ఇరుక్కుంటే దాన్ని తీయబోయి పుల్లతో పొడిచేవాళ్లు ఉంటారు. ఆ పుల్ల పని ఆవగింజ కంటే చెడ్డది.

జంతికలు, చేగోడీలు, సకినాలు, చెరకు ముక్క, ఎముక మాంసం, గట్టి చపాతీ లాంటివి మొదటి వారంతో ముగిసే నిషేధం కాదు. పై చెప్పిన ఆ పట్టు తగ్గే కాలం గుర్తుంది కదా.. ఇంప్లాంట్ వైపు వీటిని రెండు మూడు నెలలు, అంటే డాక్టర్ సరే అనేదాకా పక్కన పెట్టాల్సిందే. సంక్రాంతికి వారం ముందు ఇంప్లాంట్ పెట్టించుకునేవాళ్లు ఆ సంవత్సరానికి అరిసెలతో సరిపెట్టుకోవాలి. అవీ మెత్తగా ఉంటేనే!

నోరు శుభ్రం.. భయపడి మానేస్తేనే సమస్య

గాయం తగులుతుందని భయపడి మొత్తం బ్రష్ చేయడమే మానేస్తుంటారు కొందరు. ఇది పెద్ద పొరపాటు. మిగతా పళ్లను మర్నాటి నుంచే మెత్తటి బ్రష్‌తో మామూలుగా తోముకోవాలి. కుట్లున్న చోటు ఒక్కటి వదిలేయాలి. అక్కడ ఎప్పుడు బ్రష్ పెట్టొచ్చో కుట్లు తీసే రోజు, సాధారణంగా 7 నుంచి 10 రోజులకు, డాక్టర్ చెబుతారు. కొన్ని కుట్లు వాటంతట అవే కరిగిపోతాయి. నల్ల దారం అయితే తీయించుకోవాలి. మీకు వేసింది ఏదో వచ్చేముందే అడిగి తెలుసుకోండి.

24 గంటలు దాటాక ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని తలను అటూ ఇటూ వంచి వదిలేయాలి. బుగ్గలు పూరించి బలంగా పుక్కిలించొద్దు, ఊయొద్దు. నోరు తెరిచి సింక్‌లోకి జారవిడవడమే. డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తే చెప్పినన్ని రోజులే వాడాలి. పేస్ట్‌తో తోముకున్న వెంటనే దాన్ని వాడితే పేస్ట్‌లోని పదార్థాలు దాని పనిని తగ్గిస్తాయి, కనీసం అరగంట ఎడం ఉండాలి. రెండు వారాలకు మించి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడొచ్చు, నాలుక రుచి కూడా మారొచ్చు. అవి క్లీనింగ్‌తో పోయేవే.

పసుపు ముద్ద, లవంగ నూనె, ఉప్పు రాళ్లు, నాటు పొడులు.. ఇవేవీ కుట్ల మీద పెట్టొద్దు. లవంగ నూనె పచ్చి గాయం మీద పడితే మండిస్తుంది, కణజాలాన్ని దెబ్బతీస్తుంది. వేపపుల్ల అలవాటున్న పెద్దాయన ఇంట్లో ఉంటే ఆ పుల్లను కొన్ని నెలలు దాచేయండి.

బీడీ, సిగరెట్, గుట్కా సంగతి

దీని గురించి మెత్తగా చెప్పి లాభం లేదు. పొగతాగేవాళ్లలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం తాగనివాళ్ల కంటే దాదాపు రెట్టింపు అని పరిశోధనలు చెబుతున్నాయి. నికోటిన్ చిన్న రక్తనాళాలను బిగించేస్తుంది. ఎముక కట్టాల్సిన చోటుకు రక్తం తక్కువగా చేరుతుంది. ఆపరేషన్‌కి కనీసం వారం ముందు మానేసి, తర్వాత 8 వారాలు ముట్టకుండా ఉండాలన్నది డెంటిస్టులు తరచూ ఇచ్చే సలహా. ‘రోజుకి ఒక్కటేగా’ అన్న బేరం ఎముక దగ్గర సాగదు. గుట్కా, ఖైనీ, జర్దా పాన్ పొగ కాదు కదా అనుకోవద్దు. నికోటిన్ అందులోనూ ఉంది, పైగా వక్కపలుకులు నేరుగా గాయంలోకి దూరుతాయి. ఉమ్మడం ఎలాగూ తప్పదు. అంటే ఒక్క అలవాటుతో మూడు నష్టాలు.

పై దవడ వాళ్లకు ప్రత్యేకం

పై దవడ వెనక పళ్ల వేర్ల పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది. అక్కడ ఎముక ఎత్తు చాలకపోతే సైనస్ పొరను కొంచెం పైకి లేపి, ఎముక పొడి నింపి ఇంప్లాంట్ పెడతారు. దీన్నే సైనస్ లిఫ్ట్ అంటారు. ఇది చేయించుకున్నవాళ్లు కనీసం రెండు వారాలు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. ముక్కు మూసుకుని తుమ్మితే ఆ ఒత్తిడంతా లోపలి పొర మీద పడుతుంది. ప్రాణాయామం చేసేవాళ్లు కపాలభాతి, భస్త్రిక లాంటివి ఆపాలి. శంఖం ఊదడం, బూర ఊదడం, బరువులెత్తడం కూడా. ముక్కులోంచి ఒకటి రెండు రోజులు కొంచెం రక్తం రావడం మామూలే. నీళ్లు తాగితే ముక్కులోకి వస్తున్నాయంటే మాత్రం మామూలు కాదు, వెంటనే చూపించుకోవాలి.

పై దవడ ఎముక కింది దవడ ఎముక కంటే మెత్తన. అందుకే కింది దవడకు రెండు మూడు నెలలు చాలితే, పై దవడకు నాలుగు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు. ‘మా బావకి రెండు నెలల్లో క్యాప్ పెట్టారు, నాకెందుకు ఆర్నెల్లు’ అని డాక్టర్‌తో గొడవపడే ముందు ఆ బావ ఇంప్లాంట్ ఏ దవడలో ఉందో అడగండి.

నొప్పి లేని ఆ మూడు నెలలు

అసలు పరీక్ష ఇక్కడే. చిగురు మీద చిన్న లోహపు మూత కనిపిస్తూ ఉంటుంది, లేదా చిగురు కిందే స్క్రూ దాగి ఉంటుంది. ఆ మూత మీదకు నాలుక పదే పదే వెళ్తుంది. తోయొద్దు, వేలితో కదిపి చూడొద్దు. ఒక్కోసారి ఆ మూత వదులై ఊడి చేతిలోకి వస్తుంది. ఇంప్లాంటే ఊడిపోయిందని ఏడ్చేస్తారు. చాలాసార్లు ఊడింది మూత మాత్రమే. దాన్ని చిన్న డబ్బాలో పెట్టుకుని ఆ రోజో, మర్నాడో క్లినిక్‌కి వెళ్లాలి. సొంతంగా బిగించుకోవద్దు. అలాగని వారం ఆగొద్దు, చిగురు ఆ రంధ్రం మీదకు త్వరగా పెరిగిపోతుంది.

పాత కట్టుడు పళ్ల సెట్ ఉన్నవాళ్లు దాన్ని వెంటనే పెట్టేసుకోవడం కూడా ప్రమాదమే. గట్టి ప్లాస్టిక్ నేరుగా కొత్త ఇంప్లాంట్ మీద నొక్కుతుంది. డాక్టర్ దాన్ని లోపల అరగదీసి, మెత్తటి పూత వేసి ఇచ్చాకే వాడాలి. పెళ్లికో, ఫంక్షన్‌కో వెళ్లాలంటే ఈ సంగతి ముందే చెబితే ఏదో ఒక తాత్కాలిక ఏర్పాటు చేస్తారు.

నిద్రలో పళ్లు కొరికే అలవాటు చాలామందికి తమకు ఉందనే తెలియదు. పక్కన పడుకునేవాళ్లకు తెలుస్తుంది. ఆ అలవాటుంటే తప్పకుండా చెప్పాలి. రాత్రిపూట పెట్టుకునే గార్డ్ చేసిస్తారు.

‘ఒక్క రోజులో పళ్లు’ అనే ప్రకటనల గురించి కూడా చెప్పుకోవాలి. అది అబద్ధం కాదు. స్క్రూ బిగుతు తగినంత ఉంటే అదే రోజో, ఒకటి రెండు రోజుల్లోనో తాత్కాలిక పళ్లు పెట్టే పద్ధతి ఉంది. నాలుగు ఇంప్లాంట్ల మీద దవడ మొత్తం కట్టేది అందులో ఒకటి. కానీ ఆ పళ్లు ఒక్క రోజులో వస్తాయి, ఎముక మాత్రం ఒక్క రోజులో పట్టదు. పళ్లు నోట్లో ఉన్నాయి కాబట్టి కొరకొచ్చు అనుకోవడమే ప్రకటన చెప్పని చిక్కు. నిజానికి వీళ్లే మిగతావాళ్ల కంటే ఎక్కువ జాగ్రత్తగా, మెత్తటి తిండితో కొన్ని నెలలు ఉండాలి. ఒక రోజు మాట బోర్డు మీద పెద్ద అక్షరాల్లో, నెలల మాట సూచనల కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంటే తప్పు రోగిది మాత్రమే అనలేం.

ఈ నెలల్లో షుగర్ అదుపు తప్పకూడదు. ఆపరేషన్ రోజు రిపోర్ట్ బాగుందన్న ధీమాతో తర్వాత వదిలేస్తే ఎముక కట్టే పని నెమ్మదిస్తుంది, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఇంకొకటి, చాలామంది చెప్పడం మర్చిపోయేది.. ఎముకల బలానికి వాడే మందులు. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్. ‘మందులేమైనా వాడుతున్నారా’ అని అడిగితే రోజూ వేసుకునేవే చెబుతారు, ఏడాదికోసారి వేయించుకున్న ఇంజెక్షన్ గుర్తురాదు. ఈ మందులు వాడేవాళ్లలో అరుదుగా దవడ ఎముక మానకుండా బయటపడిపోయే సమస్య వస్తుంది. కేన్సర్ కోసం పెద్ద డోసుల్లో తీసుకున్నవాళ్లలో ఆ ముప్పు ఎక్కువ. ఆపరేషన్‌కి ముందు చెప్పకపోతే ఇప్పుడైనా చెప్పండి. కొత్తగా ఆ ఇంజెక్షన్ వేయించుకోబోతుంటే ఇద్దరు డాక్టర్లకూ ఒకరి సంగతి ఒకరికి తెలియాలి.

ఎప్పుడు ఆగకూడదు?

నొప్పి తీరు చూస్తే చాలావరకు అర్థమవుతుంది. మూడో రోజు నుంచి రోజురోజుకూ దిగుతుంటే దారిలో ఉన్నట్టే. తగ్గి, మళ్లీ పెరిగితే అనుమానించాలి. ఐదారు రోజులకు వాపు మళ్లీ రావడం, చీము, నోట్లో చెడు రుచి, జ్వరం ఉంటే అదే రోజు చూపించుకోవాలి. నోరు తెరవలేకపోవడం, నాలుక కింద లేదా మెడ దాకా గట్టిగా వాపు రావడం, మింగడానికి, గాలి పీల్చుకోవడానికి ఇబ్బంది కలగడం.. ఇవి డెంటల్ క్లినిక్ తెరిచేదాకా ఆగే సమస్యలు కావు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇలా జరగడం అరుదు. జరిగినప్పుడు మాత్రం గంటలే లెక్క.

క్యాప్ పెట్టాక కదిలితే?

నెలల తర్వాత ఎక్స్‌రే తీసి, ఎముక పట్టిందని చూసుకుని క్యాప్ పెడతారు. తర్వాత ఎప్పుడైనా క్యాప్ కదిలినట్టు అనిపిస్తే గుండె ఆగినంత పని అవుతుంది. చాలాసార్లు అది లోపలి చిన్న స్క్రూ వదులవడమే, బిగిస్తే సరిపోతుంది. కదులుతుండగానే నమిలితే ఆ స్క్రూ విరిగి, చిన్న పని పెద్దదవుతుంది.

సొంత పంటికీ ఎముకకీ మధ్య సన్నటి పీచు పొర ఒకటి ఉంటుంది. ఒత్తిడిని పసిగట్టేది, ఏదైనా తేడా వస్తే చెప్పేది అదే. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు. పుచ్చదు కూడా. అందుకని దానికి జబ్బు రాదనుకుంటే పొరపాటే. చుట్టూ గార పేరుకుంటే చిగురు వాచి, కింద ఎముక కరగడం మొదలవుతుంది. ఇదంతా నొప్పి లేకుండానే జరిగిపోవచ్చు. బ్రష్ చేసేటప్పుడు అక్కడ రక్తం కనిపించడమే మొదటి గుర్తు. ఆరు నెలలకోసారి చూపించుకోమని చెప్పేది అందుకే.

అమెరికా, గల్ఫ్ నుంచి మూడు నాలుగు వారాల సెలవు మీద వచ్చి ఇక్కడ ఇంప్లాంట్లు పెట్టించుకునే మనవాళ్లకు ఈ లెక్క మరీ ముఖ్యం. సెలవు అయిపోయేది సరిగ్గా ఇంప్లాంట్ పట్టు తగ్గి ఉండే వారాల్లోనే. ఈ ట్రిప్‌లో స్క్రూ, వచ్చే ట్రిప్‌లో క్యాప్ అని ముందే అనుకుని రావాలి. సైనస్ లిఫ్ట్ జరిగితే ఎప్పుడు విమానం ఎక్కొచ్చో డాక్టర్‌ని అడిగాకే టికెట్ బుక్ చేసుకోవాలి. తిరిగి వెళ్లేముందు ఇంప్లాంట్ కంపెనీ పేరు, మోడల్, సైజు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్, చివరి ఎక్స్‌రే అడిగి తీసుకోండి. ఒక్కో కంపెనీ స్క్రూకి ఒక్కో రకం డ్రైవర్ కావాలి. ఆ వివరం లేకపోతే డాలస్‌లోనో, దుబాయ్‌లోనో డెంటిస్ట్ వదులైన చిన్న స్క్రూని బిగించడానికి కూడా తంటాలు పడాలి. ఇక్కడే ఉండేవాళ్లకూ ఇది అవసరమే. ఆ స్టిక్కర్‌ని ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో మరొకరికి కూడా పంపి ఉంచండి.